తీసి పక్కన పెట్టగలిగే లైట్ బారే కొనండి

ఆఫ్‌రోడ్ బండికి ఎల్‌ఈడీ లైట్ బార్ (వరుసగా దీపాలు పేర్చిన పొడవాటి పట్టీ) ఏది కొనాలని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే. దాన్ని బండి నుంచి విప్పి డిక్కీలో పెట్టడానికి మీకు ఎంతసేపు పడుతుంది? అయిదు నిమిషాలు దాటేటట్టయితే ఆ బార్ ఎంత గొప్పదైనా హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు తగదని నా అభిప్రాయం. వాట్లు, ల్యూమెన్లు, రంగు, కంపెనీ, ధర అన్నీ దీని తరువాతే. బిగించడం గురించి మాట్లాడాల్సిన చోట విప్పడం గురించి మాట్లాడతావేమని చాలామంది అడుగుతారు. ఈ ఒక్క షరతు ముందు పెట్టుకుంటే తక్కిన ఎంపిక సగం దానంతట అదే తేలిపోతుంది. ఎంత పొడవుండాలి, ఎక్కడ బిగించాలి, వైరింగ్ ఎలా చేయాలి అన్నవాటికి జవాబులు అందులోంచే వస్తాయి.

మన ఊరి నుంచి మట్టిదారి పట్టాలంటే ముందు తారు రోడ్డు మీద చాలా దూరం పోవాలి. వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్లినా, నర్సాపూర్ వైపు వెళ్లినా, ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఎంతోసేపు నడిపితే గాని ఫోర్ వీల్ డ్రైవ్ లీవరు ముట్టుకునే అవసరం రాదు. ఆదివారం పొద్దున బయలుదేరి చీకటి పడ్డాక ఇంటికొచ్చే మనిషి ఆ రోజు నడిపిన దూరంలో మట్టి మీద నడిపింది చాలా కొద్ది. మిగిలినదంతా ఊళ్లవాళ్లతో, లారీలతో, బస్సులతో, బైకులతో పంచుకునే రోడ్డు. లైట్ బార్ ఆ దారి పొడవునా బండి నెత్తిన కూర్చునే ఉంటుంది, స్విచ్ చేతికి అందేంత దూరంలో ఉంటుంది.

చేవెళ్ల రోడ్డునే తీసుకోండి. 163వ నంబరు జాతీయ రహదారిలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా దాదాపు 46 కిలోమీటర్లు. రెండు పక్కలా పాత మర్రిచెట్లు. వాటిని కొట్టి రోడ్డు వెడల్పు చేయాలా వద్దా అన్న తగవు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఎన్నో ఏళ్లుగా అది మధ్యలో డివైడర్ లేని రెండు వరుసల దారి. రాత్రిపూట ఎదురొచ్చే బండికీ మనకూ మధ్య ఒక తెల్లగీత తప్ప మరేమీ ఉండదు. పరిగి దగ్గర ఉండే మా పెద్దమ్మ కొడుకు తెల్లవారకముందే పాల క్యాన్లు కట్టుకొని బైకు మీద అలాంటి దారిలో వెళతాడు. ఎదురుగా కప్పు మీద బార్ వెలిగించుకొని జీపు వస్తే బండిని మట్టి అంచుకు దించి ఆపేస్తానని, అది దాటిపోయాక కూడా కాసేపు కదలనని ఆయన నాతో చెప్పాడు. ఎందుకు కదలడో తెలుసుకుంటే కోపం రావాలి.

చీకట్లో చూపునిచ్చేవి రెటీనాలోని రాడ్ కణాలు. అవి చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. బలమైన తెల్లని వెలుగు ఒక్క క్షణం సూటిగా తగిలినా ఆ అలవాటు చాలా వరకు చెదిరిపోతుంది. మళ్లీ రోడ్డు అంచు కనబడడానికి కొన్ని క్షణాలు కావాలి, వయసు మీదపడుతున్న కొద్దీ ఆ క్షణాలు పెరుగుతాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది. రెండు మూడు సెకన్లు కన్ను పనిచేయకపోతే అది కళ్లు మూసుకొని 30 మీటర్లు నడపడమే. ఎదుటివాడూ హై బీమ్ వేస్తున్నాడు కదా అనే సమాధానం నాకు ఎప్పుడూ నచ్చలేదు. అతని హెడ్‌లైటు నడుము ఎత్తులో ఉంది, దాన్ని దించే స్విచ్ ఉంది. కప్పు మీది బార్‌కు హై, లో అనేవి లేవు. వెలిగితే నేరుగా కంట్లోకే.

చట్టం కూడా ఇదే వైపు ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ నిబంధన ప్రకారం ముందుకు వెలుగునిచ్చే ఏ దీపమైనా, 8 మీటర్ల దూరంలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కన్ను ఉన్న మనిషికి మిరుమిట్లు గొలపని విధంగా కిందికి వంచి ఉండాలి. 111వ నిబంధన ఇంకా సూటిగా ఉంటుంది. ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి ఇస్తే తప్ప వాహనం ముందు భాగాన స్పాట్ లైటు గాని సెర్చ్ లైటు గాని ఉండకూడదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పోలీసులు ఆపడం లేదు కదా అంటారు. ఆపనంత మాత్రాన పాల బైకు మనిషి కన్ను తొందరగా కోలుకోదు. ప్రమాదమే జరిగితే బీమా కంపెనీ వాళ్లకు చెప్పకుండా చేసిన మార్పు ఎంత పెద్ద చిక్కు తెస్తుందో కూడా ఆలోచించండి.

అమెరికాలో ఇలాంటి లైట్లు మనకన్నా ఎక్కువ అమ్ముడవుతాయి. అక్కడి కాలిఫోర్నియా వాహన చట్టం 24411వ సెక్షన్ ఆఫ్‌రోడ్ కోసం అదనపు దీపాలు పెట్టుకోనిస్తుంది, కానీ షరతులతో. వాటి వైరింగ్ తక్కిన లైట్ల వైరింగ్‌తో కలవకూడదు. బండి హైవే మీద ఉన్నంతసేపూ ఆ దీపాలు ఆర్పి ఉండాలి, పైగా వెలుగు బయటికి రాని మూత వేసి ఉండాలి. ఆర్పితే చాలనలేదు, మూయమన్నారు. చెయ్యి పొరపాటున స్విచ్ మీద పడినా ఎదుటివాడికి హాని జరగకూడదన్న జాగ్రత్త అందులో ఉంది. నా వాదన దానికన్నా ఒక అడుగు ముందుకు. మన నిబంధన ముందు భాగాన ఆ దీపమే ఉండకూడదంటున్నప్పుడు, మూత వేయడం కన్నా తీసేయడం మేలు.

ఇప్పుడు మా అక్క కొడుకు సంగతి. కొత్తగా థార్ కొన్నాడు, కప్పు మీదికి 50 అంగుళాల వంపు తిరిగిన బార్ చూసిపెట్టుకున్నాడు.

"మామయ్యా, ఇది పెడితే అర కిలోమీటరు దాకా పగలులా ఉంటుందట" అన్నాడు.

"నువ్వు ఎంత వేగంతో పోతావురా ఆ రాళ్లలో?" అని అడిగాను.

"పదో పదిహేనో. మహా అయితే ఇరవై."

అసలు విషయం అక్కడే ఉంది. గంటకు 20 కిలోమీటర్లంటే సెకనుకు అయిదున్నర మీటర్లు. అడ్డం కనబడి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒకటిన్నర సెకను అనుకున్నా, వదులు మట్టి మీద బండి ఆగడానికి పట్టే దూరం కలుపుకున్నా, మొత్తం 12, 13 మీటర్లు. దానికి మూడు నాలుగింతలు ముందు కనబడితే చాలనుకుంటే 40, 50 మీటర్లు. అర కిలోమీటరు వెలుగుతో వాడికి పనేమిటి?

కప్పు మీది పొడవాటి బార్లకు పేరు తెచ్చింది ఎడారి పందేలు. మెక్సికోలో 1967లో మొదలైన బాహా 1000 లాంటి పందెంలో రాత్రిపూట బండి గంటకు నూట యాభైకి పైగా వేగంతో పోతుంది, పందెం బండ్లన్నీ ఒకే దిక్కున పోతాయి, వందల మీటర్ల ముందు చూడకపోతే ప్రాణం దక్కదు. అక్కడ ఆ బార్‌కు ఒక అర్థం ఉంది. దక్కన్ పీఠభూమి మీద మన అవసరం పూర్తిగా వేరు. గుండ్రటి గ్రానైట్ బండల మధ్య చక్రం ఎక్కడ పెట్టాలో కనబడాలి. చెరువు కట్ట అంచు కనబడాలి. నల్లరేగడి పైన ఎండినట్టుండి లోపల మెత్తగా ఉన్న చోటు గుర్తుపట్టగలగాలి. మలుపులో స్టీరింగ్ తిప్పకముందే పక్కనున్న తుమ్మకొమ్మ కనబడాలి. ఇవన్నీ దగ్గరి చూపు, పక్కచూపు. మనకు కావలసింది అడ్డంగా విచ్చుకునే వెలుగు.

బజారులో దీనికి మూడు పేర్లు వినబడతాయి. స్పాట్ అంటే సన్నని కోణంలో దూరంగా పోయే వెలుగు, సుమారు 10 నుంచి 30 డిగ్రీలు. ఫ్లడ్ అంటే 60 డిగ్రీలు, ఆపైన విచ్చుకునేది. కాంబో అంటే నడుమ స్పాట్, రెండు చివర్లా ఫ్లడ్. దుకాణదారు కాంబోయే చేతికిస్తాడు, ఎందుకంటే అది ఎవరికీ వద్దనిపించదు. నేను మాత్రం మన దారులకు ఫ్లడ్, లేదా ఫ్లడ్ పాలు ఎక్కువున్న కాంబో తీసుకోమంటాను. దూరం కావాలంటే మీ హెడ్‌లైట్ల హై బీమ్ ఎలాగూ ఉంది.

పెట్టె మీది అంకెల సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే కొనుగోలుదారుల డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. ల్యూమెన్ అంటే దీపం నుంచి అన్ని వైపులా వచ్చే మొత్తం వెలుగు. క్యాండెలా అంటే ఒక దిక్కున ఆ వెలుగు తీవ్రత. లక్స్ అంటే అది పోయి పడిన చోట ఉన్న వెలుతురు. తోటలో నీళ్లు పట్టే పైపు కొసను బొటనవేలితో నొక్కితే నీళ్లు పెరగవు, దూరం పడతాయి. ల్యూమెన్లకూ క్యాండెలాలకూ తేడా అదే. కాబట్టి ల్యూమెన్ల సంఖ్య ఒక్కటే చూస్తే వెలుగు ఎక్కడ పడుతుందో ఏమీ తెలియదు.

పైగా ఆ సంఖ్య చాలాసార్లు నిజం కూడా కాదు. 126 వాట్లు, 50,000 ల్యూమెన్లు అని ఒక పెట్టె మీద రాసి ఉందనుకోండి. భాగిస్తే వాటుకు దాదాపు 397 ల్యూమెన్లు. విద్యుత్తు మొత్తం ఒక్క రవ్వ కూడా వేడిగా మారకుండా 555 నానోమీటర్ల పచ్చని వెలుగుగా మారినా వాటుకు 683 ల్యూమెన్లకు మించి రావు. తెల్లని వెలుగుకైతే ఆ హద్దు ఇంచుమించు 300, 350 దగ్గరే ఆగిపోతుంది. నిజమైన బార్‌లో చిప్పుల వేడి, అద్దం, రిఫ్లెక్టరు తినేసేది పోగా వాటుకు 70 నుంచి 100 ల్యూమెన్లు బయటికొస్తే మంచి బారే. అంటే ఆ పెట్టె మీది అంకె ఏ కర్మాగారంలోనూ సాధ్యం కానిది. ఇంత చిన్న భాగహారం చేసి చూసుకునే తీరిక లేనివాళ్ల డబ్బు మీద ఈ వ్యాపారం నడుస్తోందంటే నాకు బాధగా ఉంటుంది.

వాట్లకూ ఇదే గతి. దీనికి పరీక్ష ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో డీసీ కరెంటును కొలిచే క్లాంప్ మీటరు దొరుకుతుంది. డీసీ అని అడిగి మరీ తీసుకోండి, ఏసీని మాత్రమే కొలిచే క్లాంప్ మీటరు బ్యాటరీ కరెంటును చూపించదు. దుకాణంలోనే 12 వోల్టుల బ్యాటరీకి బార్ తగిలించి వైరు చుట్టూ మీటరు పెట్టండి. 300 వాట్ల బార్ అయితే 25 ఆంపియర్లు లాగాలి. రాణిగంజ్‌లో ఒక దుకాణంలో అలాంటి పెట్టె మీద మేనల్లుడి ముందే కొలిచి చూపించాను. అయిదు ఆంపియర్లు దాటలేదు. అంటే మహా అయితే 60 వాట్లు. దుకాణదారు వాదించలేదు, "కంపెనీ వాళ్లు అలా రాస్తారు సార్, అందరూ అంతే" అన్నాడు. నిజానికి నిఖార్సయిన 60 వాట్లు తక్కువేమీ కాదు. పాత జీపుల్లోని హెచ్4 హాలోజెన్ బల్బు హై బీమ్‌లో సుమారు 1,650 ల్యూమెన్లు ఇస్తుంది, రెండూ కలిపి 3,300. మంచి 60 వాట్ల బార్ 5,000 పైన ఇవ్వగలదు. అబద్ధపు 300 కన్నా నిజమైన 60 అని రాసి అమ్మే తయారీదారును వెతకండి. దొరుకుతారు.

క్యాండెలా, లేదా ఇన్ని మీటర్ల దగ్గర ఇంత లక్స్ అని ముద్రించే తయారీదారు కొలతలు చేయించినట్టు లెక్క. దాన్ని కూడా కళ్లు తెరిచి చదవాలి. "ఒక లక్స్ 400 మీటర్ల దాకా" అన్న ప్రకటన చూస్తే గొప్పగా ఉంటుంది. నిండు పున్నమి వెన్నెల పావు లక్స్ ఉంటుంది. కాబట్టి ఒక లక్స్ అంటే నాలుగు వెన్నెలలంత. ఆ వెలుతురులో బండరాయిని పోల్చుకోవచ్చు గాని గోతి లోతు తెలియదు. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది కనుక మీకు పని ఉన్న 40 మీటర్ల దగ్గర ఎంత వస్తుందో లెక్క కట్టుకోండి. 40,000 క్యాండెలాల బార్ అక్కడ 25 లక్స్ ఇస్తుంది. చాలినంత. యూరప్ ప్రమాణం ప్రకారం పరీక్షించిన దీపాల అద్దం మీద వృత్తంలో ఈ అనే అక్షరం, దాని పక్కన దేశం సంఖ్య ఉంటాయి. దూరపు వెలుగునిచ్చే వాటి మీద 17.5 లాంటి మరో సంఖ్య కూడా కనబడుతుంది. ఆ కొలబద్దలో 100 అంటే 4,30,000 క్యాండెలాలు, బండి మీది హై బీమ్‌లన్నీ కలిసినా దాటకూడని హద్దు. 17.5 అంటే సుమారు 75,000. ఈ గుర్తు ఉన్న దీపం కనబడితే మిగతా ప్రకటనలు చదవనక్కరలేదు.

రంగు విషయంలో నా మాట గట్టిది. 6,000 కెల్విన్లు (వెలుగు రంగును చెప్పే కొలత) దాటిన నీలి తెలుపు వద్దు. 4,000 నుంచి 5,000 మధ్య ఉండే తెలుపులో ఎర్రమట్టి ఎర్రగానే, ఎండుగడ్డి పసుపుగానే కనబడతాయి. మార్చి నుంచి మే దాకా మన దారుల్లో ముందు బండి లేపే దుమ్ములో వెళ్లేవాళ్లకు 3,000 దగ్గరుండే పసుపు మంచిది, లేదా పసుపు కవరు తగిలించుకునే వీలున్న బార్ చూసుకోండి. పసుపు దుమ్మును చీల్చుకుపోతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. దుమ్ము రేణువులూ మంచు బిందువులూ వెలుగు తరంగం కన్నా ఎంతో పెద్దవి, అవి అన్ని రంగులనూ దాదాపు ఒకే తీరుగా వెనక్కి చిమ్ముతాయి. నీలం పాలు తగ్గడంతో కంటికి మిరుమిట్లు తగ్గి హాయిగా ఉండడమే పసుపుతో వచ్చే లాభం.

దుమ్ములో అంతకన్నా పెద్ద మేలు చేసేది బిగించే చోటు. దీపం కంటికి ఎంత దగ్గరగా ఉంటే దుమ్ము నుంచి వెనక్కి తిరిగొచ్చే వెలుగు అంత ఎక్కువగా కంట్లో పడుతుంది. కప్పు మీది బార్ సరిగ్గా కంటికి పైన ఉంటుంది. బానెట్ మీద కూడా దాని వెలుగు పడి తళతళలాడుతుంది, కంటిపాప ముడుచుకుంటుంది, దూరం ఇంకా చీకటవుతుంది. ఇది కాక మరో నష్టం ఉంది. కన్నూ దీపమూ ఒకే దిక్కున ఉంటే రాళ్ల నీడలు రాళ్ల వెనకే దాగిపోయి నేలంతా చదునుగా కనబడుతుంది. బంపరు ఎత్తులో దీపం ఉంటే ప్రతి రాయికీ, ప్రతి గాడికీ నీడ పడుతుంది. ఆ నీడలే లోతు చెబుతాయి. దిబ్బ ఎక్కి అవతలికి దిగేటప్పుడు మాత్రం కప్పు మీది దీపానిదే పైచేయి, అది ఒప్పుకోవాలి. ఆ ఒక్క సందర్భంలో దిగి నడిచి చూసి రావడమే నా పద్ధతి, పగలైనా సరే.

కాబట్టి బంపరు మీద, 20 అంగుళాల లోపు బార్. బుల్ బార్ (బంపరు ముందు బిగించే ఇనుప గొట్టాల చట్రం) మీద మాత్రం వద్దు. ఎదురుదెబ్బను చాసిస్‌కు చేరవేసి ఎయిర్‌బ్యాగుల పనికి అడ్డుపడతాయని, పాదచారులకు ప్రమాదమని బుల్ బార్లను తీసేయించమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. బండిని లాగడానికి కంపెనీ ఇచ్చిన కొక్కేల దగ్గరి గట్టి చోట, నంబరు ప్లేటును కప్పకుండా, రేడియేటరుకు గాలి ఆపకుండా రెండు చిన్న స్టెయిన్‌లెస్ స్టీలు బ్రాకెట్లు చాలు. 20 అంగుళాల బార్ రెండు మూడు కిలోల బరువుంటుంది, ఒంటి చేత్తో పట్టుకొని మరో చేత్తో మర బిగించవచ్చు. స్పానరు అక్కర్లేకుండా చేత్తో తిప్పే పిడి మరలు వాడండి. 50 అంగుళాలంటే 127 సెంటీమీటర్లు. థార్‌లో వెనక సీట్లు మడవకుండా దాన్ని ఎక్కడ పెడతారు? అది ఒకసారి కప్పెక్కిందంటే ఇక దిగదు. రోడ్డు మీద వేగం పెరిగితే అది ఈల వేసినట్టు మోత కూడా పెడుతుంది.

మిగతా నాణ్యతలు త్వరగా చెబుతాను. దుమ్ము, నీళ్లను ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ67 ముద్రలో 6 అంటే దుమ్ము లోపలికి పోదని, 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం. బంపరు మీద పెట్టేదానికి అంతకన్నా తక్కువ వద్దు. అయితే ఆ ముద్రను ఎవరైనా కొట్టించుకోవచ్చు కనుక అద్దం చుట్టూ రబ్బరు అంచు, వెనక గాలి పోయే చిన్న పొర ఉన్నాయో లేదో చూడండి. దుకాణంలో అరగంట వెలిగించి ఉంచమనండి. వెనకనున్న అల్యూమినియం రెక్కలు బాగా వేడెక్కాలి. వేడి బయటికొస్తోందన్నమాట. రెక్కలు చల్లగా ఉండి వెలుగు తగ్గుతూ పోతే వేడి చిప్పుల దగ్గరే చిక్కుకుపోతోంది, అది ఎక్కువ కాలం బతకదు. బార్ వెలుగుతుండగా ఎఫ్ఎం రేడియో పెట్టి వినండి. బుసబుసమనే చప్పుడు మొదలైతే లోపలి సర్క్యూటు నాసిరకం. గుంపుగా వెళ్లినప్పుడు వాకీటాకీలో మాట వినబడకుండా చేసేది ఈ లోపమే.

వైరింగ్‌లోనే తీసేయగలగడం అన్నది నిజంగా పూర్తవుతుంది. బ్యాటరీ నుంచి ఒక చాచిన చేయి దూరం కూడా దాటకముందే ఫ్యూజు ఉండాలి, 60 వాట్ల బార్‌కు 10 ఆంపియర్లది చాలు. అక్కడి నుంచి రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, ఆపే స్విచ్. రిలే మీది 30వ నంబరు కాలుకు ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87కు బార్, 85, 86 కాళ్లకు స్విచ్, ఎర్త్. కంపెనీ వైర్ల కట్టను ఎక్కడా కోయనివ్వకండి. కోస్తే వారంటీ చిక్కులే కాదు, కొత్త బండ్లలో కంప్యూటరు తప్పు చూపిస్తుంది. హై బీమ్ తీగకు కలిపితే ఒకే స్విచ్‌తో పని అయిపోతుందని మెకానిక్కు చెబుతాడు, వద్దనండి. బంపరు వెనక రెండు పిన్నుల వాటర్‌ప్రూఫ్ కనెక్టరు పెట్టించండి. డాయిచ్ డీటీ రకం కనెక్టరు పిన్ను 13 ఆంపియర్ల దాకా మోస్తుంది, మన 5 ఆంపియర్లకు ఎక్కువే. బార్ తీసేశాక బండి వైపున్న కనెక్టరుకు రబ్బరు మూత వేయాలి, లేకపోతే మొదటి వానకే పిన్నులు పచ్చగా చిలుము పడతాయి.

ప్రతిసారీ విప్పి బిగిస్తే వంపు మారిపోదా అని మేనల్లుడు అడిగాడు. మంచి ప్రశ్న. బ్రాకెట్ మీద ఒకసారి గీత గీసుకుంటే సరిపోతుంది. ఇంటి సెల్లారులో గోడకు 8 మీటర్ల దూరంలో బండిని ఆపండి. బార్ నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, వెలుగు నడిమి భాగం గోడ మీద బార్ ఎత్తుకు 16 సెంటీమీటర్లు కింద పడాలి. అప్పుడది మట్టి మీద 30 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. ఆ వంపు దగ్గర బ్రాకెట్ మీద రంగుతో ఒక గుర్తు పెడితే ప్రతిసారీ అక్కడికే బిగించుకోవచ్చు.

ఎక్కడ వాడాలన్నది కూడా తేల్చి చెప్పాలి. అనంతగిరి చుట్టూ ఉన్నది రిజర్వు ఫారెస్టు. అనుమతి లేకుండా అందులోకి బండి తీసుకుపోవడమే తప్పు, రాత్రి దీపాలతో పోవడం ఇంకా పెద్ద తప్పు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే శ్రీశైలం దారిని రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. మనుషుల దీపాలు, చప్పుళ్లు లేకుండా అడవికి కొన్ని గంటలు మిగల్చడానికే కదా. లైట్ బార్ పనికొచ్చేది సొంత పొలంలో, యజమాని ఒప్పుకున్న భూమిలో, ఆఫ్‌రోడ్ కోసం నడిపే ప్రైవేటు ట్రాకుల్లో. అక్కడికి చేరాక బిగించుకోవాలి, గేటు దాటి బయటికి రాకముందే విప్పాలి.

విప్పగలిగే బార్‌కు మరో ఉపయోగం ఉంది, బిగించేసిన దానితో అది ఎన్నటికీ దొరకదు. రాత్రి బురదలో ఒక బండి కూరుకుపోయిందంటే వెలుగు కావలసింది ముందుకు కాదు, పక్కనుంచి. దిగబడిన చక్రం మీద, తాడు ముడి మీద, విప్పుతున్న మనిషి చేతుల మీద వెలుగు పడాలి. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో 5 మీటర్ల పొడిగింపు వైరు చేయించి, రెండు చివర్లా అదే రకం కనెక్టర్లు పెట్టించుకోండి. 5 ఆంపియర్లకు ఆ పొడవున పోయే వోల్టేజి మూడో వంతు వోల్టు, పట్టించుకోనక్కర్లేదు. బార్‌ను చిన్న స్టాండు మీదో, రాయి మీదో ఆనించి, వించి (తాడు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) నడుపుతున్న డ్రైవరు కంట్లో వెలుగు పడకుండా అతని వెనక వైపు నుంచి చక్రం మీదికి తిప్పండి. వైరు మాత్రం తాడు లాగే దారికి అడ్డంగా పరవకండి, బార్‌ను సర్దడానికి ఆ దారిలోకి ఎవరినీ పోనివ్వకండి. బిగువుగా ఉన్న వించి తాడు తెగితే మొదట దెబ్బ తగిలేది అక్కడ నిలబడ్డ మనిషికే.